సంతకం పడిన తప్పు

చక్కెర డబ్బాలో తడి చెంచా ఎవరు పెట్టారన్న దగ్గర ఆ గురువారం ఉదయం గొడవ మొదలైంది. అడుగున చక్కెర రాయిలా గడ్డకట్టింది. అది తల్లి పనేనని లెక్కల మాస్టారు తేల్చేశాడు. ముప్పై ఏళ్ళు కుట్టుపని చేసి, ఇప్పటికీ సూదిలో దారం తానే ఎక్కించుకునే ఆవిడ కొడుకు మాటకు తగ్గుతుందా? ఇంట్లో తడి చేతులు తనకొక్కదానికే ఉన్నాయా అని అడిగింది. తర్వాత ఇద్దరూ కోడలి వైపు చూశారు. ఆమె టీ వడకడుతోంది. నిన్నటి తొందరలో తానే పెట్టి ఉండొచ్చు, పెట్టకపోనూవచ్చు. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

ఎవరేమన్నారో రాయడమే ఆమె ఉద్యోగం. శాసనసభలో సభ్యుల మాటలు పొల్లుపోకుండా రాసే విభాగంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. రాసిన ప్రతిని మాట్లాడిన సభ్యుడికే పంపుతారు. ఆయన చూసి, దిద్ది, సంతకం పెడితే అది అచ్చుకు పోతుంది. ఇక కలకాలం అదే ఆయన మాట.

ఆ వారం మంగళవారం నాడు సభలో ద్వేష ప్రసంగాల నిషేధ బిల్లు మీద చర్చ జరిగింది. రెండేళ్ళ క్రితం కూడా ఆ బిల్లు వచ్చింది. అప్పుడు దాన్ని పెట్టింది ఆనాటి అధికార పక్షంలోని కళ్ళద్దాలాయన. జనం నోరు కుట్టే చట్టమని బల్ల గుద్దింది ప్రతిపక్షంలోని పొడుగాయన. బిల్లు తేలకముందే ఎన్నికలొచ్చాయి, అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వచ్చి కూర్చున్నారు. ఈసారి బిల్లు పెట్టింది పొడుగాయన. నోరు కుట్టేస్తున్నారని బల్ల గుద్దింది కళ్ళద్దాలాయన. మాటలు కూడా దాదాపు అవే.

ఐదేసి నిమిషాల వంతున పలువురు రాసిన కాగితాలను వరుసగా పేర్చి, పైన పేర్లు వేయడం ఆమె పని. వక్తల జాబితా పక్కనే ఉంటుంది. కానీ నాలుగు వాక్యాలు చదివితే చాలు, మాట ఎవరిదో ఇట్టే చెబుతుందని విభాగంలో ఆమెకు పేరు. ఈసారీ జాబితా చూడలేదు.

గురువారం మధ్యాహ్నం సంతకాలతో ప్రతులు తిరిగొచ్చాయి. ఒకచోట అంకె అనుమానంగా ఉంటే రికార్డింగు పెట్టుకుని విన్నది. గొంతు కళ్ళద్దాలాయనది, కాగితం మీద పేరు పొడుగాయనది. రెండో ప్రతీ అంతే. ఒకరి ప్రసంగం ఒకరికి వెళ్ళింది, ఇద్దరూ సంతకం పెట్టేశారు. పొడుగాయన రెండు కామాలు దిద్ది, ‘నోరు కుట్టే’ కింద గీత కూడా గీశాడు. కళ్ళద్దాలాయన అంచున ‘బాగుంది’ అని రాశాడు.

ఆమె రెండు ప్రతులూ తీసుకుంది. వెళ్ళి సెక్షన్ ఆఫీసరుకు చూపించింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత లేచి తలుపు వేశాడు.

“వాళ్ళే ఒప్పుకున్నాక తప్పని నువ్వెలా అంటావమ్మా? ఇంకో ఎన్నికలు రానీ, అదే సరైపోతుంది.”

అది వేళాకోళమో, సలహానో ఆమెకు అర్థం కాలేదు. దిద్దాలంటే తప్పు తనదేనని రాసివ్వాలి, ఆ కాగితం ఆమె సర్వీసు ఫైల్లో చేరుతుంది, ఒకటో తారీఖున ప్రమోషన్ల జాబితా ఉంది అని ఆయన గుర్తుచేశాడు. ప్రతులు అచ్చుకు వెళ్ళేది మర్నాడు పదింటికి.

బస్సులో కూర్చున్నా బుర్ర కుదుటపడలేదు. ఇంతకీ ఆ చట్టం మంచిదా, చెడ్డదా? కిందటేడు వీధి మలుపులో ఒకడు మైకు పట్టుకుని తమ వర్గం వాళ్ళను నానా మాటలూ అంటే, అత్తగారు నాలుగు రోజులు గడప దాటలేదు. అప్పుడు చట్టం ఉండి తీరాలనిపించింది. తర్వాత ఒక బొమ్మ గీసినందుకు మాస్టారి బడిలోని డ్రాయింగు టీచర్ని రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. అప్పుడు వద్దే వద్దనిపించింది. రెండూ తన మాటలే. ఎవరైనా ఆ రెండూ రాసి పంపితే, తాను మాత్రం దేని కింద సంతకం పెట్టేది? ఆలోచనలోనే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

భోజనాల దగ్గర జరిగిందంతా చెప్పింది. అత్తగారు పొలమారేదాకా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

“ఆ ప్రమోషన్ కోసం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నావు. వాళ్ళకు లేని పట్టింపు నీకెందుకు?”

“అదే నాకూ తెలియడం లేదండీ. వాళ్ళలో ఎవరిది న్యాయమో కూడా తెలియదు. మంగళవారం ఎవరేమన్నారో ఒక్కటే తెలుసు.” ఆమె మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపింది. “రేపు పదిలోపు రాసిచ్చేస్తాను. జాబితా చూడకుండా పేర్లు వేసింది నేనేనని.”

మాస్టారు మజ్జిగ పోసుకున్నాడు.

“మరి ఆ చెంచా సంగతేంటే అమ్మాయ్?” అంది అత్తగారు.

“అది గుర్తులేదత్తయ్యా. గుర్తున్నంత వరకే రాసిస్తాను.”