నా చేతిరాతలో అమ్మ

పాలు స్టవ్ మీద పెట్టి, అవి కాగేలోపు రెండు పేజీలైనా సాపు రాయొచ్చని వంటింటి గట్టు మీదే కాగితాలు పరుచుకున్నాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో మా ఆయన రాసిన ప్రతి సినిమా నా చేతిరాతలోనే దర్శకుల దగ్గరికి వెళ్ళింది. ఆయన రాత ఆయనకే అర్థం కాదు. కొట్టివేతలు, బాణాలు, మార్జిన్‌లో అడ్డంగా తిప్పి రాసిన మాటలు, మధ్యలో కాఫీ మరకలు. అవన్నీ విడదీసి తెల్ల కాగితాల మీద గుండ్రంగా రాసిస్తాను. ఎక్కడైనా మాట అతకకపోతే అతికిస్తాను. అతికించానని చెప్పను. ఆయన చదువుకుని "ఇది బాగా వచ్చింది కదూ" అంటారు. "బాగా వచ్చింది" అంటాను. "మా కోడలికి మంచి కాలక్షేపం దొరికింది" అంటుంది మా అత్తయ్య ఇంటికొచ్చినవాళ్ళతో. "కూర్చున్నచోటే కూర్చుని రాసుకుంటుంది. ఒళ్ళు అలవని పని."

ఆసారి సినిమా పెద్దది. ఎనభై ఏళ్ళ కిందటి కథ. గుర్రబ్బళ్ళు, గ్రామఫోన్లు, గాజు దీపాలు వేలాడే మేడలు. దొంగతనాల కథే కానీ అడుగడుగునా నవ్వు. అంతవరకూ ఎప్పుడూ కలిసి నటించని ఇద్దరు పెద్ద తారలు మొదటిసారి జంటగా చేస్తున్నారు. హీరోది వజ్రాల వర్తకుడిలా నటించే దొంగ వేషం, హీరోయిన్‌ది పనిమనిషి వేషం. అతను ముందు గదిలో కూర్చుని మేడ యజమానుల్ని మాటల్లో పెడుతుంటే ఆమె వెనక గదుల్లో నగలు ఊడ్చేస్తుంది. "వీళ్ళిద్దర్నీ పక్కపక్కన చూడ్డానికే జనం వస్తారు, మనం నవ్వించకపోయినా నడుస్తుంది" అని నిర్మాత ఫోన్‌లో అన్నాడట. మా ఆయన రోషంగా "నవ్వించకుండా ఎలా వదుల్తానండీ" అనడం నేను విన్నాను.

పద్దెనిమిదో సీనుకొచ్చాను. పనిమనిషి పని ముగించుకుని మేడలోంచి వెళ్ళిపోతోంది. గుమ్మం దగ్గర ఆగింది. నడుముకి చుట్టుకున్న పనిగుడ్డ విప్పి దులిపింది. రెండు చేతులూ ముందుకి చాపి అరచేతులు చూపించింది, తిరగేసి వెనకవైపూ చూపించింది. ఎవరూ అడగలేదు. "అబ్బే, నీ మీద మాకు అనుమానమా" అంది యజమానురాలు. పనిమనిషి వెనక్కి తిరగ్గానే కెమెరాకి కన్ను కొట్టింది. జుట్టుముడిలో వజ్రాలహారం తళుక్కుమంది.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాసు వాసన ముక్కుకి తగిలేదాకా నేను కదల్లేదు.

ఆ చేతులు మా అమ్మవి.

అమ్మ నాలుగిళ్ళలో పనిచేసేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక సెలవురోజు నన్నూ వెంట తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో చుట్టాలొచ్చారు. మధ్యాహ్నానికి ఎవరిదో ఉంగరం కనిపించలేదు. అమ్మని హాల్లోకి పిలిచారు. నేల తుడుస్తున్న గుడ్డ చేతిలో ఉండగానే వచ్చింది. చేతులు చూపించమన్నారు, చూపించింది. పనిగుడ్డ దులపమన్నారు, దులిపింది. జుట్టు విప్పమన్నారు. అమ్మ ఒకసారి నా వైపు చూసి, విప్పింది. నోరు కూడా తెరవమంటే తెరిచింది. చుట్టాల్లో ఒకాయన దేనికో నవ్వాడు. ఉంగరం దొరికిందో లేదో మాకు తెలియదు, మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. ఆ సంగతి అమ్మ నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. కానీ ఆరోజు నుంచి ఏ ఇంట్లోంచి బయటికొచ్చినా, పని చేసిన ఇల్లయినా, సొంత చెల్లెలి ఇల్లయినా, గుమ్మంలో ఆగి చేతులు చూపించి గుడ్డ దులిపేది. ఎవరూ అడక్కుండానే.

నా పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొచ్చి వెళ్తూ కూడా అదే చేసింది. అత్తయ్య తెల్లబోయి చూసింది. ఆ సాయంత్రం మా ఆయన అడిగితే అంతా చెప్పాను. అప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. చెబుతూ ఏడిస్తే ఆయన నా కళ్ళు తుడిచారు. ఆ తుడిచిన చేత్తోనే ఎక్కడో రాసిపెట్టుకున్నారన్నమాట. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. సీను రాయడానికి ఇక మొహమాటం అక్కర్లేదు.

స్టవ్ కూడా తుడవకుండా కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఈ పద్దెనిమిదో సీను తీసెయ్యండి."

"ఎందుకు? బాలేదా?"

"ఇది అమ్మ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చిన్నపిల్లలకి నచ్చజెప్పేటప్పుడు అలా పెడతారు. "అమ్మేంటి? ఇదొక పాత్ర. ఇందులో మీ అమ్మ పేరుందా, ఊరుందా? అయినా ఎవరికి తెలుస్తుంది చెప్పు. అంత పెద్ద హీరోయిన్ మీ అమ్మలా నిలబడుతోందంటే నువ్వు సంతోషించాలి."

"అమ్మ దొంగతనం చెయ్యలేదు."

"చెయ్యకపోతే కామెడీ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబుంటే వాడుకుందామన్నట్టు చూశారు.

నేను వంటింట్లోకి వచ్చి, స్టవ్ తుడిచి, సాపు రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. ఆయన రాసిన దాంట్లో పనిమనిషి ముందు గుడ్డ దులిపి తర్వాత చేతులు చూపిస్తుంది. అమ్మ అలా చెయ్యదు. ముందు చేతులు చూపించకపోతే, దులిపేటప్పుడు చేతిలోకి తీసుకుని దాచిందంటారు. అందుకని చేతులే ముందు. నా కలం దానంతటదే ఆ వరస మార్చేసింది. తిరగేసిన చేతుల్ని ఒక్క క్షణం అలాగే ఉంచుతుందని కూడా కలిపాను. వద్దన్న సీనుకి నేనే మెరుగు పెట్టాను. పన్నెండేళ్ళ అలవాటు. ఆయన చదివి "ఇది బాగా వచ్చింది కదూ" అన్నారు.

నెల తర్వాత షూటింగ్ నుంచి ఫోన్. హీరోయిన్‌కి ఆ కదలిక పట్టుబడటం లేదట. "మా ఆవిడ చేసి చూపిస్తుంది" అని మా ఆయన మాటిచ్చేశారట. కారు పంపించారు. చెక్కతో కట్టిన మేడ, ముందు నుంచి చూస్తే రాతిగోడలు, వెనక నుంచి చూస్తే మేకులు. వంద మంది దాకా ఉన్నారు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, ఎవరో నా నడుముకి ఒక గుడ్డ చుట్టారు. దీపాలు నా మీదికి తిప్పారు. చేతులు చాపాను. ఆ వెలుగులో చూస్తే నావి కావు. అదే ఉబ్బిన చిటికెనవేలి కణుపు, అవే లోతుగా పడ్డ గీతలు. అమ్మ నా మోచేతుల దాకా వచ్చి నిలబడినట్టనిపించింది. తిరగేశాను. గుడ్డ దులిపాను. దీపాల వెనక నుంచి నవ్వులొచ్చాయి. అందులో హీరో నవ్వు పెద్దగా వినిపించింది, మంచి మనిషే, మెచ్చుకోలుగానే నవ్వాడు. నాకు మాత్రం ఆనాటి హాల్లో ఆ చుట్టం నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు గుర్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

హీరోయిన్ ఒక్కతే నవ్వలేదు. దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఇది కల్పించింది కాదు కదండీ. ఎవరిది?"

అందరూ చూస్తున్నారు. మా ఆయన కూడా చూస్తున్నారు.

"మా ఇంట్లో పనిచేసినావిడ అలా చేసేదండి" అన్నాను.

"ఎందుకు చేసేది?"

"అలవాటు" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన నా భుజం తట్టారు. "సమయానికి బాగా చెప్పావు. మీ అమ్మ అని చెప్పి ఉంటే ఆవిడ సీనంతా ఏడుపు చేసి పెట్టేది." నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏ మలుపులోనైనా అమ్మ నిలబడి ఉంటుందేమోనని భయమేసింది. నిలబడి ఉంటే ఏమనేదో ఊహించబోయాను. ఏమీ అనేది కాదు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

సినిమా వచ్చింది. జనం విరగబడ్డారు. సినిమా మొత్తంలో ఆ కదలిక ఏడుసార్లు వస్తుంది, ఏడుసార్లూ హాలు కూలిపోయేలా నవ్వారు. వారం తిరక్కుండా వీధుల్లోకి వచ్చేసింది. బస్సు దిగుతూ కండక్టరుకి చూపించేవాళ్ళు, కొట్లోంచి బయటికొస్తూ చూపించేవాళ్ళు. పుట్టినరోజు ఫోటోల్లో పిల్లలంతా వరసగా నిలబడి చేతులు చాపేవాళ్ళు. ఎక్కడ చూసినా అమ్మ చేతులే, అమ్మ మాత్రం ఎక్కడా లేదు. అసలు దెబ్బ అది కాదు. ఒకరోజు బట్టలు ఆరేస్తూ అమ్మని గుర్తు చేసుకోబోతే హీరోయిన్ వచ్చింది. గుమ్మం వచ్చింది, గుడ్డ వచ్చింది, చేతులొచ్చాయి, పైన ముఖం మాత్రం ఆవిడది. కన్ను కొట్టి వెళ్ళిపోయింది. తడి దుప్పటి చేతిలో పట్టుకుని చాలాసేపు ప్రయత్నించాను. ఉన్న ఒక్క ఫోటో తీసి చూశాను. ఫోటో పక్కన పెట్టి కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆవిడే.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెని వీధిలో అందరూ పొడుగమ్మ అంటారు. అయిదిళ్ళలో చేస్తుంది. సినిమా రెండుసార్లు చూసింది. అత్తయ్యకి ఆ సినిమా సొంత ఆస్తి. పొడుగమ్మ వెళ్ళేటప్పుడల్లా "ఏదీ, చూపించి వెళ్ళు" అనేది. పొడుగమ్మ చేతులు చాపి, తిరగేసి, కన్ను కొట్టేది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. నేను వంటింట్లో పంపు పెద్దగా తిప్పేదాన్ని.

మూడు నెలలకి రెండో భాగం మొదలైంది. మా ఆయన కాగితాలు గట్టు మీదికి వచ్చాయి. "ఈసారి హీరో చేత కూడా చేయిస్తున్నా" అన్నారు. "పదకొండుసార్లు పడుతుంది."

ఆరోజు పొడుగమ్మ ఆలస్యంగా వచ్చింది. జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. వెనక మెట్టు మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది. ఏమైందన్నాను. మూల మీద పళ్ళ డాక్టరు గారింట్లో చెవిపోగు ఒకటి కనిపించలేదట. రోజూ సరదాకి చేతులు చూపించమనే ఆవిడ, ఈరోజు నవ్వకుండా చూపించమంది. ఆ తర్వాత జుట్టు విప్పమంది.

"సినిమాలో జుట్టులోనే కదా పెట్టుకుంది, అందుకని" అంది పొడుగమ్మ. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "రేపట్నుంచి రోజూ విప్పి చూపించి వెళ్ళాలట. కాదనడానికి నోరు రాలేదమ్మా. ఇన్నాళ్ళూ అడక్కుండానే చూపించి నవ్వాను కదా. ఇప్పుడు కాదంటే, ఏదో ఉంది కాబట్టే కాదంటోంది అనుకోరూ?"

హాల్లోంచి అత్తయ్య కేకేసింది. "ఇంతకీ పోగు దొరికిందా?"

పొడుగమ్మ జుట్టు వెనక్కి తోసి ముడి వేసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఆ హాల్లో నిలబడ్డప్పుడు నేనేం చెయ్యగలను అని నన్ను నేను ఎన్నోసార్లు ఊరుకోబెట్టుకున్నాను. ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిది. జుట్టులో వెతకాలని ఆ ఇంటావిడకి నేర్పిన కాగితం మీద ఉన్నది నా గుండ్రటి రాత. మా ఆయన పక్కన నిలబడి అదిలించి రాయించలేదు కూడా. చేతులే ముందు అని దిద్దింది నేనే.

చెప్పులేసుకుంటుంటే ఆయన గదిలోంచి బయటికొచ్చారు. "ఎక్కడికి? సాయంత్రం దర్శకుడు వస్తున్నాడు. సాపు అయిందా?"

"లేదు. నేను రాయను."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి ఎవరు రాస్తారు?" అన్నారాయన, పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ప్రశ్న ఆయనకి తట్టినట్టు. అత్తయ్య సోఫాలోంచి లేచి నా కాళ్ళకేసి చూసింది. "పనిదాన్ని వెంటేసుకుని ఎక్కడికమ్మా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అంది. నేను పొడుగమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. ఆమె ముందు రానంది. ఆ ఇంట్లో ఉన్న పని కూడా పోతుందేమోనని భయం. "నేను మాట్లాడతాను, నువ్వు పక్కన నిలబడితే చాలు" అన్నాను. పట్టుకున్న చెయ్యి సబ్బునీళ్ళకి నాని గరుకుగా ఉంది. దారిలో మళ్ళీ ఒకసారి అమ్మ ముఖం కోసం వెతికాను. రాలేదు. ఇక ఎప్పటికీ రాదేమో. అయినా నడిచాను.

బెల్లు కొడితే డాక్టరుగారి భార్యే తలుపు తీసింది. నన్ను చూసి ముఖం విప్పారింది. "అరె, రచయితగారి భార్య కదూ మీరు? రండి రండి. మీ సినిమా మేం మూడుసార్లు చూశాం." అప్పుడు నా వెనకున్న పొడుగమ్మ కనిపించి కొంచెం తగ్గింది. "మీరు చెప్పండి, ఏం పని మీద వచ్చారు?"

"నేను పనిమనిషి కూతుర్నండి" అన్నాను. "మీరు చూసిన ఆ పనిమనిషి మా అమ్మ. ఆవిడ ఏమీ తియ్యలేదు. ఈమె కూడా తియ్యలేదు. రేపట్నుంచి ఈమె మీకు ఏదీ చూపించదని చెప్పడానికి వచ్చాను."

ఆవిడ చూపు ఒక్క క్షణం నా చేతుల మీదికి జారింది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, జవాబు కోసం గుమ్మంలోనే నిలబడ్డాను.