నల్లా మీది వంకర గీత

పాలకూర కంటే మెంతికూరకే బలం ఎక్కువ అన్నది మా పక్కింటి మంగతాయి అయి ఉండాలి, డాక్టరమ్మ అలా అనలేదు, ఆకుపచ్చగా ఉన్నది ఏదైనా తిను ఆజీ అని మాత్రమే అంది, అవ్వా అన్నట్టే మరాఠీలో ఆజీ అంటుంది నన్ను, నాలుగు నెలల కింద ఇదే తుకుం పేట కంటి దవాఖానలో, ఇదే బల్ల మీద, ఇలాగే కళ్లల్లో చుక్కలు వేయించుకుని కూర్చున్నాను, అప్పుడు చలికాలం, ఇప్పుడు చంద్రపూర్ ఎండ గాజు తలుపు అవతల తెల్లగా మండుతోంది, చుక్కలు పడ్డ కళ్లకు ఆ తెలుపు సూదుల్లా దిగుతోంది, కొంగు అడ్డం పెట్టుకున్నాను, పక్కన మా ఆయన వరప్రసాదు, పేపరు మిల్లు కటింగు సెక్షన్లో ముప్పై రెండేళ్లు నిలబడ్డ మనిషి, కూర్చోవడం చేతకాదు, లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు, మంచినీళ్లు తాగుతవా మిరియం అంటాడు, వద్దయ్యా అంటే తనే పోయి తాగి వస్తాడు, ఇది మూడోసారి, భయపడుతున్నాడు, భయం వేసినప్పుడే ఆయనకు దాహం, నాకేమో నాలుక ఎండిపోయినా గుక్క దిగడం లేదు.

కంటి వెనక పొర నడుమ అరుగుతోంది ఆజీ, వయసుతో వచ్చేదే, ఇప్పటికి పొడి రకం, దీనికి ఆపరేషన్ లేదు, పోయిన చూపును ఏ గోలీ తెచ్చివ్వదు, ఉన్నది తొందరగా పోకుండా కొంత ఆపుతుంది, అంతే, అని ఆ రోజు డాక్టరమ్మ ప్రతిభ మేడం ఉన్నమాట చెప్పింది, ఆకుకూరలు కాస్త నూనెతో వండుకో, గుడ్డు తిను, వారానికి రెండుసార్లు చేప, రోజూ ఈ గోలీలు, క్యారెట్ పెట్టొచ్చా మేడం అని మా ఆయన అడిగితే నవ్వింది, పెట్టండి తప్పేం లేదు, కానీ దీనికి ఆకుకూరే ముఖ్యం, మీరు మాత్రం బీడీ మానండి, ఆ పొగ ఆమె కళ్లకూ మంచిది కాదు అంది, అయినా ఈ మహానుభావుడు మా బల్లార్‌పూర్ బజారులో రెండు కిలోల క్యారెట్ కొని సంచి మోసుకుంటూ వచ్చాడు, బీడీ మానమన్న ముక్క దారిలో ఎక్కడో పారేసుకున్నాడు, పెరట్లోకి పోయి కాలుస్తాడు, నాకు వాసన రాదనుకుంటాడు, కళ్లు పోతున్నాయి గానీ ముక్కు పోలేదు కదా.

గళ్లగళ్ల కార్డు కూడా ఇచ్చింది, నడుమ ఒక చుక్క, పొద్దున్నే ఒక కన్ను మూసి చూడు, తర్వాత ఇంకో కన్ను, గీతలు వంకర పోయినా, తెగినట్టు కనిపించినా ఆ రోజే వచ్చెయ్, అది చూపును తొందరగా తినేసే తడి రకంలోకి తిరిగిన గుర్తు, ఆగకూడదు, కార్డు లేకపోతే బాత్రూం టైల్స్ గీతలైనా సరే అంది, ఆ చివరి మాటే నన్ను ఇంత దూరం తెచ్చింది, కాదు, అంతకంటే ముందు ఈస్టరు ముందటి శ్రమల దినాలు, ఆ నలభై రోజులు మా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ముట్టం, మా అమ్మ కాలం నుంచీ అంతే, కూరలు సరే, పాలకూర, పుంటికూర బుట్టలకొద్దీ తిన్నాను, కానీ మొదటి వారంలోనే మంగతాయి వచ్చి నా గోలీ సీసా ఎత్తి చూసి, అక్కా, గీ గోలీల మెత్తటి తొక్క చూసినవా, జంతువుల ఎముకలు ఉడకబెట్టి చేస్తరట, మా పిల్లగాడు ఫోన్ల చూసిండు, ఉపాసంల ఇదెట్ల మింగుతున్నవ్ మరి అంది, ఆ పూటే సీసా బియ్యం డబ్బా వెనక్కి పోయింది, ఎవరికీ చెప్పలేదు, రోజూ పొద్దున మా ఆయన గోలీ ఏసుకున్నవా అంటాడు, ఆఁ అంటాను, మాంసం ముట్టలేదు గానీ రోజుకో అబద్ధం మింగాను, ఉపవాసం ఎవరి కోసం చేసినట్టు నేను.

ఈస్టరుకు వారం ముందు మట్టల ఆదివారానికి ఇల్లు కడిగితే ఫ్రిజ్ మీది కార్డు తడిసి ముద్దయింది, మర్నాడు బాత్రూంలో ముఖం కడుక్కుంటూ డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, తెల్ల టైల్స్, మా ఆయన రిటైరైన ఏడాది మేస్త్రీ ఎందుకు, వెంట్రుకవాసి తేడా పట్టే కన్ను నాది అని తనే వేసిన గోడ, ఎడమ కన్ను మూసి చూశాను, నల్లా పైన గీత జారిన దండెంలా కిందికి వంగి ఉంది, కుడి కన్ను మూశాను, అక్కడే, అలాగే వంగి ఉంది, రెండూ పోయాయి, ఒక్కసారే రెండూ, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను, గోలీ మానినందుకా, అబద్ధం ఆడినందుకా, ఏ తప్పుకు ఇది, మర్నాడు చూశాను, ఆ మర్నాడు చూశాను, వంకర అలాగే ఉంది, రోజూ చూస్తాను, రోజూ ఎవరికీ చెప్పను.

శుభ శుక్రవారం మా గుడిలో తెలుగు వాక్యం చదివేది నేనే, ఇరవై ఆరేళ్లుగా, పిల్లలందరూ మరాఠీ బడులు, మాట తెలుగే గానీ అక్షరం రాదు, మా మనవరాలు జెస్లిన్ పాటలు కూడా మరాఠీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది, నేను చదవకపోతే ఆ తెలుగు బైబిలు పుస్తకం బల్ల మీద ఊరికే ఉంటుంది, ఆ రోజు గొంతు బాగాలేదన్నాను, మా గుడి కుర్రాడు లెవీ లేచి మరాఠీలో చదివాడు, మంచిగానే చదివాడు పాపం, నా పక్కన కూర్చున్న ముసలి ఎల్లమ్మ మాత్రం తల వంచుకుని, ఇయ్యాల నా ఏసయ్య నాతోని మాట్లాడలేదే అంది, ఆ మాట నాకు మేకులా దిగింది, ఇంటికి రాగానే జెస్లిన్ పట్టేసింది, నానమ్మా, తొవ్వ పొడుగూ తాతను తిట్టుకుంట వచ్చినవ్, గొంతు మంచిగనే ఉన్నది గదా, ఏమైంది చెప్పు అని, చెప్పాను, అది తాతకు చెప్పింది, పండగ దాటగానే దవాఖాన తెరిచిన రోజే బస్సెక్కించారు, ఇదిగో, మిరియం ఆజీ అని పిలుస్తున్నారు, లే, లేవాలి.

గడ్డం ఇక్కడ పెట్టు, ఆకుపచ్చ గీతలోకి చూడు, రెప్ప వేయకు, ప్రభువా రెప్ప వేయను, ఫొటో అయింది, ఇంకో కన్ను, అయింది, ప్రతిభ మేడం కంప్యూటర్లోకి చూస్తోంది, ఎంతసేపు చూస్తుంది, అంతసేపు చూసిందంటే మంచిది కాదు, నేనే ముందు చెప్పేశాను, గోలీ మానాను మేడం, నలభై రోజులు, ఈయనకు అబద్ధం చెప్పాను, వెనక కుర్చీ కిర్రుమంది, మా ఆయన లేచినట్టున్నాడు, డాక్టరమ్మ తల తిప్పలేదు, వంకర ఏ కంటికి ఆజీ, రెండింటికీ, చూపు పక్కకు తిప్పితే వంకర నీతోపాటు జరుగుతుందా, అక్కడే ఉంటుందా, అక్కడే ఉంటుంది మేడం, నల్లా పైన, రెండు కళ్లకూ నల్లా పైనేనా, ఆమె గొంతులో ఏదో మారింది, గళ్ల కార్డు నా చేతికిచ్చి, చుక్కలు వేసిన కళ్లే, మసకగా ఉన్నా చూడు, గీతలు ఎలా ఉన్నాయి, చూశాను, ఎడమ మూసి, కుడి మూసి, మసగ్గా ఉన్నాయి గానీ తిన్నగా ఉన్నాయి, అన్నీ తిన్నగా ఉన్నాయి, పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి చూపించింది, అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, కంట్లో వంకరైతే చూపు ఎటు తిరిగితే అటు వస్తుంది, నీది కదలడం లేదు, నీ కళ్లకేం కాలేదు ఆజీ, మీ గోడే వంకర, ఎవరు వేశారు ఆ టైల్స్.

వెనక నుంచి, నేనే ఏసిన మేడం అన్న గొంతు, అంత చిన్న గొంతు మా పెళ్లిలో కూడా వినలేదు, నాకు ముందు ఏడుపు వచ్చింది, అది బయటికి వచ్చేసరికి నవ్వయింది, ఆపుకోలేకపోయాను, డాక్టరమ్మ కూడా నవ్వింది, నలభై రోజులకు ఏమీ కాలేదు గానీ మళ్లీ మానొద్దు, ఆ తొక్క లేని గట్టి బిళ్లలు కూడా దొరుకుతాయి, అడగొచ్చు కదా ఆజీ అంది, అడగొచ్చు, అవును, అడగడం ఒక్కటే చేయలేదు నేను, శుక్రవారం పుస్తకం కూడా తెరిచి చూడలేదు, తెరిస్తే అక్షరాలు తిన్నగానే ఉండేవి, గోడను చూసి పుస్తకానికి భయపడ్డాను.

బస్టాండుకు పోయే ఆటోలో గాలి కొలిమిలోంచి వచ్చినట్టుంది, అయినా హాయిగా ఉంది, దాహం వేసింది, సీసా ఎత్తి సగం తాగేశాను, మా ఆయన, గా బొగ్గు గనిల బ్లాస్టింగ్‌కు కదిలి ఉంటది గోడ, నేనేసినప్పుడు దారం లెక్కనే ఉండె అన్నాడు, ఆఁ ఆఁ, గని ఒక్క నల్లా మీదికే వచ్చి పేలిందా అన్నాను, గోలీ ఏసుకోకుండనే ఏసుకున్ననని చెప్పినవ్ గదనే అన్నాడు, నువ్వు పెరట్ల బీడీ ముట్టలేదని చెప్పినట్టే చెప్పిన అన్నాను, ఆయన జేబులోంచి బీడీ కట్ట తీసి, దాన్ని చూసి, ఆటో వాడి భుజం తట్టి ఇదిగో తమ్మీ నువ్వు ఉంచుకో అన్నాడు, వాడు అద్దంలోంచి, నాకొద్దు కాకా, మా ఇంటిది సంపుతది అన్నాడు, కట్ట మళ్లీ జేబులోకే పోయింది, సరే, రేపు చూద్దాం, ఆదివారం నేను చదువుతాను, ఎల్లమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి చదువుతాను, జెస్లిన్‌ను పక్కన నిలబెట్టి ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ చదువుతాను, ఇంకా ఉన్న చూపు ఇంకెన్నాళ్లో తెలియదు కదా, మా ఆయనేమో, ఇంటికి పోంగనే గా టైల్స్ పలగ్గొట్టి మళ్ల ఏస్త, ఈసారి సూతం దారం కట్టి ఏస్త అంటున్నాడు, వద్దు, ముట్టకు, ముట్టినవంటే చూడు మరి అన్నాను, ఎందుకే అని తెల్లబోయాడు, ఎందుకంటే ఇప్పుడు ఆ వంకర నాకు తెలుసు, ఎక్కడ మొదలై ఎంత వంగి ఎక్కడ ఆగుతుందో తెలుసు, రోజూ పొద్దున ముఖం కడిగేటప్పుడు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి దాన్నే చూస్తాను, నల్లా మీది ఆ గీత తిన్నగా కనిపించిన రోజే నేను భయపడాలి.