అత్తయ్యకు చదివి వినిపించడం

...అయినా ఆమె చెవుల్లోకి ఒక్క మాటా వెళ్లడం లేదని నాకు ఎప్పుడో తెలుసు. కుక్కర్ మూత చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డ రోజే తెలిసింది. ఆ చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది. పక్షవాతంతో మంచాన ఉన్న అత్తయ్య మాత్రం కిటికీకేసి చూస్తూ అలాగే ఉంది. నేను మూత కడిగి బోర్లించి, రోజూలాగే కుర్చీ లాక్కుని, ఆమె పవిత్ర గ్రంథం తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

చెబితే ఆ గంట పోతుంది. ఈ ఇంట్లో నేను కూర్చుంటే ఎవరూ మొహం చిట్లించనిది ఆ ఒక్క గంటే. పొద్దున్నే ఆమెను పక్కకు తిప్పి, వీపు మీది పుళ్లకు మందు రాసి, దుప్పట్లు ఉతికి, క్లినిక్‌కి పరుగెత్తి, కౌంటర్ వెనక చీటీలు రాసి, సాయంత్రం వచ్చాక మళ్లీ దుప్పట్లు. కౌంటర్లో ఒకసారి పుస్తకం తెరిస్తే డాక్టరు గారు, "ఏమ్మా, పరీక్షలా? పెళ్లయిపోయిందిగా, ఇంకేం పాసవుతావ్?" అన్నారు. కూర్చున్న రోగులు నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల నవ్వుకన్నా నా నవ్వుకే ఎక్కువ సిగ్గేసింది.

అత్తయ్యకు చదివి వినిపించడం అలా కాదు, అది సేవ. మా ఆయనే అప్పగించాడు. "అర్థాలూ గిర్థాలూ నీకెందుకు? అమ్మకి పుణ్యం వస్తే చాలు," అన్నాడు. చెవులు బాగున్న రోజుల్లో నేను ఒక వాక్యం దగ్గర ఆగిపోతే అత్తయ్య, "ఏమే, బండి ఆగింది? దిగి నెట్టమంటావా?" అనేది. దేవుడు అందరి మొరా వింటాడన్న చోటే ఆగేదాన్ని. నా బిడ్డ కడుపులోనే పోయిన ఏడాది అది. ఆ మాటను నమ్మలేకపోయాను, వదిలిపెట్టనూ లేకపోయాను.

ఆమెకు వినపడదని తెలిశాక మెల్లగా గొంతు తగ్గించాను. ఆ తర్వాత గొంతు మానేసి పెదాలు మాత్రం కదిపాను. ఆయన గుమ్మంలోంచి తొంగి చూస్తే సేవ జరుగుతున్నట్టే ఉండేది. నేను మాత్రం వెనక పేజీలకు వెళ్లేదాన్ని, ఒకే వాక్యంతో సాయంత్రమంతా పోట్లాడేదాన్ని. వినపడని మనిషి పక్కన ఇలా కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ల నా ప్రార్థనలన్నీ ఇలాంటివేనా అనిపించేది. అయినా మానలేదు. నా నమ్మకం కూడా ఆ గదిలోనే బతికి ఉంది, ఆమెలాగే, లేవలేక.

నిన్న ఆయన ఆమె తల వెనక నిలబడి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చప్పట్లు కొట్టాడు.

"అమ్మకి చెవులు పోయాయా?"

"పోయి చాలా కాలమైంది."

"మరి ఇన్నాళ్లూ ఎవరికే చదువుతున్నావ్? గోడలకా?"

నేను గ్రంథం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"భలే నాటకం. రేపట్నుంచి ఆ టైంలో నా చొక్కాలు ఇస్త్రీ చెయ్యి. అవైనా తిన్నగా ఉంటాయి." గ్రంథాన్ని తీసుకెళ్లి, నాకు అందకుండా బీరువా మీద పెట్టాడు.

ఇప్పుడు చొక్కాలు కుర్చీలో కుప్పగా ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతోంది. అత్తయ్య నన్నే చూస్తోంది. ఉన్నట్టుండి, కదిలే ఆ ఒక్క చేత్తో చొక్కాలను కిందకి తోసి కుర్చీని తట్టింది.

"చెవులే పోయాయే, కళ్లు పోలేదు," అంది, వినపడనివాళ్లకుండే ఆ పెద్ద గొంతుతో. "పేజీలు వెనక్కి తిప్పుకోవడం చూడలేదనుకున్నావా? చెబితే ఇక నా పక్కన కూర్చోవని ఎవరికీ చెప్పలేదు."

ముందు గదిలో టీవీ ఆగింది. ఆయన అడుగులు ఇటే వస్తున్నాయి.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీశాను. స్టూలెక్కి పుస్తకం దించాను. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని, ఆగిన చోటు వెతుక్కుని, ఈసారి పెదాలు కదపకుండా చదువుకోసాగాను.