బావ కడిగిన జల్లెడ

మా బావ దర్జీ. చూపు మందగించి కత్తెర పక్కన పెట్టేశాక కూడా ఇంట్లో ఏది చిరిగినా, ఏది వదులైనా ఆయన చెయ్యి పడాల్సిందే. నేను ఏసీ మెకానిక్‌ని. గోడకు కన్నం కొట్టి బిగించే పాతరకం పెట్టెలకు ఈ పేటలో నన్నే పిలుస్తారు. అక్క గదిలో ఉన్నదీ అలాంటిదే, నా చేత్తో బిగించిందే.

అక్కకు ఎన్నో ఏళ్ళుగా ఆయాసం. ఆ గదికి పైన ఎండకు కాలే శ్లాబు, ఎదురుగా తారురోడ్డు. ఏసీ పెట్టిన రోజు ఆమె కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి తీసుకుంది. "దేవుడు నీ చేతుల్లో చల్లదనం పెట్టాడురా తమ్ముడూ" అంది.

"దేవుడెక్కడ పెట్టాడే, గ్యాసు పెట్టింది" అన్నాడు బావ. అనేసి, తప్పుమాట వచ్చిందని గబగబా చెంపలు వేసుకున్నాడు.

ముందు మూత తీసి, లోపలున్న ఫిల్టరు ఆయనకు చూపించాను. "అప్పుడప్పుడూ కుళాయి కింద కడిగి, ఆరబెట్టి పెట్టు బావా" అన్నాను. "ఓస్, ఈ జల్లెడేనా!" అన్నాడు. అప్పటినుంచి దాని పేరు జల్లెడే. అప్పుడప్పుడూ ఏమిటి, రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇంకా నోట్లో ప్రార్థన ఆడుతుండగానే దాన్ని కడిగేవాడు. ఒకమూల చిరిగితే సన్నదారంతో రఫ్పు చేశాడు. ఆ కుట్టు ఎంత పొందికగా ఉందంటే, నేను వేలితో తడిమితేగాని తెలియలేదు.

ఆరబెట్టడమే మానేశాడు. మరిచిపోయి కాదు. జీవితమంతా బట్టమీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసిన మనిషి. తడి తగిలితేనే ఏదైనా మెత్తబడుతుందని ఆయన నమ్మకం. ఏసీ గాలికి గొంతు ఎండుతోందని అక్క ఒకసారి అన్నదట. అంతే, నీళ్ళు కారుతున్న జల్లెడను అలాగే లోపల పెట్టడం మొదలెట్టాడు. తడిగుడ్డ మీదుగా వచ్చిన గాలి చల్లగా ఉండదా అని ఆయన లెక్క. నాకు ఈ సంగతి తెలియదు.

ఆ వేసవిలో అక్క దగ్గు ఎక్కువైంది. గదిలో ఏదో వాసన వస్తోంది, ఒకసారి విప్పి చూడమని కబురు పెట్టింది. వెళ్ళాను.

"నువ్వు బిగించిందేగా, తడిసిన గోనెసంచి కంపు కొడుతోంది. అదీ నీ పనితనం" అన్నాడు బావ గుమ్మంలోనే.

"నువ్వు కుట్టిన చొక్కా వేసుకుని వచ్చాను బావా, ఆ కంపు దీనిదేమో."

అక్క నవ్వింది. నవ్వు దగ్గయింది. బావ ఆమె వీపు నిమురుతూ నావైపు కోపంగా చూశాడు, నవ్వించినందుకు.

పెట్టెను గోడలోంచి లాగి ముక్కాలి పీటమీద దించాలి. బావ రెండోవైపు పట్టుకున్నాడు.

"కుడివైపు బావా, కుడి! ఇన్ని చొక్కాలకు చేతులు కుట్టావు, ఏది కుడో ఏది ఎడమో తెలీదా?"

"చొక్కా తొడుక్కున్నవాడి కుడా, కుట్టేవాడి కుడా? సరిగ్గా చెప్పి చావు."

పెట్టె బయటికి రాగానే గోడలో కన్నం తెరుచుకుంది. వీధి ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. సైకిల్ గంట, ఎవరో పిల్లను కేకేస్తున్న తల్లి గొంతు, నలుచదరపు ఎండ. ఆ ఎండ సరిగ్గా అక్క పాదాలమీద పడింది. మంచం కొంచెం జరపమంది. జరిపాను. ఆ కన్నంలోంచి ఆమె వీధిని అలా చూస్తూనే ఉండిపోయింది.

బావ మూతా జల్లెడా తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నేను మోటారుకు ప్లాస్టిక్ సంచి చుట్టి, లోపల గాలి విసిరే చక్రంమీద టార్చి వేశాను. రెక్కరెక్కకూ నల్లటి బూజు. వేలితో గీస్తే ముద్దగా వచ్చింది. కింద పళ్ళెంలో నీళ్ళు పోయే దారి పూడిపోయింది.

"అంత నల్లగా ఏంట్రా అది?" అంది అక్క.

"బూజు."

"రోజూ కడుగుతూనే ఉన్నారుగా?"

"కడిగి తడిగానే పెడుతున్నాడా?"

ఆమె పెరటివైపు చూసింది. పెరట్లోంచి కుళాయి చప్పుడు, దానితోపాటు బావ గొణిగే ప్రార్థన వినిపిస్తున్నాయి. అక్క ముఖం చూస్తే అర్థమైపోయింది, ఆమెకూ అర్థమైందని.

"మీ బావతో చెప్పకు" అంది.

"ఎలా అక్కా? ఈ గాలేగా నువ్వు పీలుస్తున్నది?"

"నా ఆయాసం ఈ పెట్టెకంటే పాతది."

"పెంచి ఉంటుంది కదా!"

"పెంచిందో లేదో డాక్టరే తేల్చలేడు, నువ్వూ నేనూ తేలుస్తామా?" ఊపిరి కూడదీసుకుంది. "మందులు అమ్మాయి చూసుకుంటోంది. వంట అమ్మాయిదే. ఆయన చేతికి మిగిలింది ఆ జల్లెడొక్కటేరా. అది కడిగొచ్చి నావైపు ఎలా చూస్తారో నువ్వు చూడలేదు. ఒట్టు వెయ్యి."

వేశాను. వెయ్యక ఏం చేయను? చిన్నప్పటినుంచీ అక్క మాట దాటింది లేదు.

బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి గుసగుసలు? ఆస్తి రాయించుకుంటున్నావా బామ్మర్దీ?"

"ఏమండీ, ఆ తడి వాసన నాకు పడడం లేదు. ఇకనుంచి ఎండలో ఆరబెట్టి పెట్టండి" అంది అక్క.

"పడడం లేదా? ఇన్నాళ్ళూ అనలేదేం?"

"ఇవాళే తెలిసింది."

"బాగుంది. ఇంత వయసొచ్చాక కొత్తగా ముక్కు మొలిచిందన్నమాట" అని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఈసారి దగ్గలేదు. దాని కోసం ఎంత బిగబట్టుకుందో నేను చూశాను.

చక్రాన్ని పాత బ్రష్షుతో రెక్కరెక్కా తోమాను. తీగపెట్టి నీటిదారి పొడిచాను. అంతా ఎండలో ఆరాక, పెట్టెను నీళ్ళు బయటికి పోయేలా కాస్త వెనక్కి వాల్చి గోడలోకి తోశాను. కన్నం మూసుకుంది. వీధి ఆగిపోయింది. అక్క మంచం మళ్ళీ యథాస్థానంలో పెట్టాం.

వానలు రాకముందే ఆమె పోయింది.

నేను దేవుణ్ణి నమ్మినవాణ్ణి. ఆయన్ని నిలదీయడం తప్పని పెద్దలు చెప్పారు. అయినా దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఒక్కటి అడుగుతూ వచ్చాను. ప్రేమతో చేసిన పనిలో కూడా ఇలాంటిది ఎందుకు దాచావు తండ్రీ అని. జవాబు రాలేదు. వచ్చినా నాకు వినపడలేదేమో.

కొన్నాళ్ళకు మేనకోడలు ఫోను చేసింది. "మావయ్యా, నాన్న ఆ గది వదిలి రావడం లేదు. ఏసీ ఆపనివ్వడం లేదు. నువ్వొచ్చి దాన్ని తీసుకుపో."

వెళ్ళేసరికి బావ అక్క మంచంమీద, ఆమె పడుకునే వైపే కూర్చుని ఉన్నాడు. ఏసీ నడుస్తోంది.

"ఎదురింట్లో ఏసీ కడుగుతుంటే చూడ్డానికి వెళ్ళాను" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "ఆ మెకానిక్ ఇంటావిణ్ణి కేకలేస్తున్నాడు. ఫిల్టరు తడిగా పెడితే లోపల బూజు పడుతుంది, అది ఊపిరితిత్తులకు విషం అని. ఆ రోజు దీన్ని విప్పావు కదా. లోపల ఏముందిరా?"

"దుమ్ము బావా. అందరిళ్ళలో ఉండేదే."

"మీ అక్కకు తెలుసా?"

"తెలియడానికి ఏముందని?"

"మరి ఆ వాసన సరిగ్గా ఆ రోజే ఎందుకు పడకుండా పోయింది?"

నేను పానాల సంచి వెతుక్కున్నాను. అది నా చేతిలోనే ఉంది.

"తెలుసన్నమాట" అన్నాడు. "తెలిసీ నా ముక్కు జోకుకు నవ్వింది."

అప్పుడు తగిలింది నాకు ఆ వాసన. తడిసిన గోనెసంచి వాసన. గబుక్కున వెళ్ళి మూత తీశాను. జల్లెడ నీళ్ళు కారుతోంది.

"ఏంటి బావా ఇది?"

"ఏం లేదు. మీ అక్క ఏం పీల్చిందో చూస్తున్నాను."

ఏసీ కట్టేశాను. అక్క ఉంటే ఆయన్ని తిట్టేది, తిట్టి నవ్వేది. జల్లెడ తీసుకుని పెరట్లోకి నడిచాను. కాసేపటికి బావ నా వెనకే వచ్చాడు. తడిబట్ట పట్టుకున్నట్టు రెండో అంచు పట్టుకున్నాడు. ఎండకు ఎదురుగా ఇద్దరం నిలబడ్డాం.

తక్కినదంతా త్వరగానే ఆరింది. ఆయన కుట్టు వేసిన మూల మాత్రం చాలాసేపు తడిగానే ఉంది.