బోర్లించిన పలక

రెండు గీతల పక్కన సుద్దముక్క ఆనించి లిస్టమ్మ ఆగిపోయింది. తలుపు తీయని ఇంటి గుమ్మానికి, వచ్చినప్పుడల్లా ఒక గీత. మూడు పడితే ‘ఇక్కడ లేరు’ అని రాయాలి. ఓటర్ల జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఆ లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఈ పనిలో సంచీ పట్టీ ఆమె భుజం మీద నల్లటి చార వేసింది.

కిందటి ఎన్నికలప్పుడు ఈ గుమ్మానికే ఆమె ఒక్కపూటలో మూడూ గీసేసింది. గడియారాలు బాగుచేసే తాత ఓటెయ్యబోయి, పేరు లేదంటే వెనక్కొచ్చాడు. ఈసారి ఆసుపత్రి నుంచి వచ్చి రెండు గీతలు చూసుకున్నాడు కాబోలు, స్టూలు మీద పలక పెట్టాడు: ‘లోపలే ఉన్నాను. చెవుడు. గట్టిగా పిలవండి.’

ఆమె వెంట వచ్చిన మరిది ఆ పలకను బోర్లించాడు. చొక్కాకు పార్టీ బ్యాడ్జి.

“గీసెయ్ వదినా. ఆయన వాళ్ల మనిషి.”

“లోపలున్నాడు కదయ్యా. పిలవనీ.”

“పిలువు. వచ్చే నెల నుంచి పిల్లదాని పాలడబ్బా కూడా ఆయన్నే తెమ్మను.”

వీధికి ఇటు ఒక జెండా, అటు ఒక జెండా. కుళాయి దగ్గర కూడా వరసలు రెండయ్యాయి. ఆమె “తాతా” అంది, తనకే వినపడనంత మెల్లగా. గీసింది.

మధ్యాహ్నం బిడ్డకు అన్నం కలుపుతుంటే గోళ్ల సందున సుద్ద కనిపించింది. కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. చివరికి బిడ్డను చంకనేసుకుని, తడిగుడ్డతో బయలుదేరింది.

మూడో గీత తుడిచి, వీధంతా తిరిగిచూసేలా పిలిచింది. పక్కింటావిడ వచ్చి తలుపు తోసింది. తాత కుర్చీలోనే ఉన్నాడు. ఉతికిన చొక్కా, జేబులో ఓటరు కార్డు, గోడకు వాలిన తల. చెయ్యి చల్లబడిపోయింది.

“పదింటప్పుడు కూడా దగ్గు వినపడిందమ్మా. నువ్వొస్తావని పొద్దున్నే తయారై కూర్చున్నాడు,” అంది పక్కింటావిడ.

లిస్టమ్మ వచ్చింది పదింటికే.

జనాన్ని చూసి వచ్చిన మరిది లోపలికి తొంగిచూశాడు. “పోన్లే వదినా, నువ్వు గీసింది తప్పు కాకుండా పోయింది.”

ఆమె గుమ్మంలో కూలబడి ఫారం తీసింది. ‘మరణం’ అన్న గడిలో టిక్కు పెట్టింది. కింద ఖాళీలో, ‘పొద్దున ఇంట్లోనే ఉన్నారు. నేను గట్టిగా పిలవలేదు’ అని రాసి సంతకం చేసింది.

“మతి పోయిందా వదినా? ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడనీ,” అంది, బిడ్డను గట్టిగా హత్తుకుని.

సాయంత్రం తాతను తీసుకెళ్లాక గుమ్మం పక్కన స్టూలు మిగిలింది. దాని మీద పలక, ఇంకా బోర్లానే.