చెంపలోకి చేరిన నుదురు

బత్తలపల్లె దగ్గర కూలి చేసుకుని బతికే తిప్పమ్మకు ఎడమ చెంప లోపల పుండు లేచింది. ఆకూ వక్కా పొగాకూ ఆ వైపునే పెట్టుకోవడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఉప్పునీళ్లు పుక్కిలించింది, పసుపు అద్దింది. పుండు మానలేదు సరికదా, నోరు సగమే తెరుచుకోసాగింది. అనంతపురంలో చూసినవాళ్లు రాచపుండని, అంటే క్యాన్సరని చెప్పి మద్రాసుకు పొమ్మన్నారు. అది 1966. వానల్లేక చేలన్నీ బీళ్లుగా ఉన్నాయి. భర్త వీరప్ప ఆమెను వెంటబెట్టుకుని రైలెక్కాడు.

మద్రాసు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు తెలుగు మాటలు వెతుక్కుంటూ మాట్లాడాడు.

"పుండుతో పాటు చెంప లోపలి కండ తీసేయాలమ్మా. ఊరికే కుట్టేస్తే నోరు బిగుసుకుపోతుంది. అందుకని నీ నుదుటి చర్మం తెచ్చి లోపల కప్పుతాను."

వీరప్ప నివ్వెరపోయాడు. "నుదురు నోట్లోకి ఎట్ల పోతాది సామీ?"

డాక్టరు తన నుదుటి మీద వేలితో గీత గీసి, చెవి ముందర ఆపాడు. "ఇక్కడ చర్మపు కాడ ఒకటి కోయకుండా ఉంచుతాను. దాంట్లో రక్తం పారుతుంటుంది. చర్మాన్ని కణత పక్కనుంచి దారి చేసి లోపలికి దించుతాను. చెంపకు అతుక్కునేదాకా ఆ కాడే దాన్ని సాకుతుంది. తర్వాత కాడ కోసేస్తాను. నుదుటి మీద తొడ చర్మం పలుచగా తీసి వేస్తాను."

"అది బతుకుతాదా?" అంది తిప్పమ్మ.

"చాలామందికి బతికింది. కొందరికి నల్లబడి చచ్చిపోయింది."

ఆయన దాచకుండా చెప్పినందుకే ఆమెకు నమ్మకం కుదిరింది. "అయితే చెయ్యి సామీ."

ఆపరేషన్ అయ్యాక తల నిండా కట్లతో, ముక్కులో గొట్టంతో ఆమె మంచం మీద పడి ఉంది. డాక్టరు వచ్చినప్పుడల్లా టార్చి వేసి నోట్లోకి చూసేవాడు. ఒక ఉదయం సన్నటి సూదితో లోపలి కొత్త చర్మాన్ని గుచ్చాడు. ఎర్రగా, తేటగా నెత్తురు బొట్టు ఉబికింది. ఎప్పుడూ నవ్వని ఆ మనిషి ముఖం విప్పారింది.

"రా వీరప్పా, చూడు. బతికింది."

వీరప్ప వంగి చూశాడు. చెంప లోపల గులాబి రంగు చర్మం. దాని నడుమ, చిన్నప్పుడు ఆమె తల్లి నుదుట పొడిపించిన పచ్చబొట్టు, నెలవంకలా ఉంది. పెళ్లినాటి నుంచీ రోజూ చూస్తున్న ఆ గుర్తును అక్కడ చూసేసరికి అతను ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"తిప్పీ, నీ బొట్టు లోపల ఉండాదే!"

ఆమె సైగ చేసి అద్దం అడిగింది. నర్సు పట్టుకున్న అద్దంలోకి చాలాసేపు చూసింది. కళ్లు చెమర్చాయి, కానీ చూపు తిప్పుకోలేదు.

కొన్ని వారాలకు కాడ కోసే రోజు వచ్చింది. డాక్టరు ముందు దాన్ని బిగించి పట్టి, రక్తం లోపలికి పోకుండా ఆపాడు. అందరూ ఆమె నోట్లోకే చూస్తున్నారు. చర్మం రంగు మారలేదు.

"ఇక చెంపే దాన్ని సాకుతోంది," అని డాక్టరు మెల్లగా అన్నాడు. అప్పుడు కోశాడు.

గొట్టం తీసేశాక నర్సు గంజి ఇచ్చింది. తిప్పమ్మ ఒక గుక్క తీసుకుని, నోట్లో కాసేపు అటూ ఇటూ తిప్పి మింగింది. ఆ తర్వాత డాక్టరు వైపు తిరిగి ముద్దముద్దగా అడిగింది.

"సామీ, ఎండకు పోతే ఇది లోపల చెమట పోస్తాదా?"

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. "నాకూ తెలియదమ్మా. నువ్వే చెప్పాలి."

ఊరికి తిరిగి వచ్చిన రోజున వీరప్ప రాగిసంగటి కెలికి, ఆమె ముందు పెట్టి కూర్చున్నాడు. ఆమె చిన్న చిన్న ముద్దలు చేసి, నిదానంగా తింది. తిన్నంతసేపూ అతను చేయి కడుక్కోవడం కూడా మరిచి ఆమె చెంప కదలడమే చూస్తూ ఉండిపోయాడు.