దూది లేని ముల్లు

నేను ఒక కంటి అద్దాన్ని. గడియారాలు బాగుచేసేవాళ్ళు ఒక కన్ను మూసి రెండో కంటికి బిగించుకుంటారే, ఆ నల్లటి గొట్టంలాంటిదాన్ని. ఎక్కడో ఒక కార్ఖానాలో గాజుబిళ్ళగా అరిగి అరిగి నున్నబడి, చివరికి ఆదోనిలో ఖాజా హుసేన్ కంటికి చేరాను. నూగంత చక్రం ఆగితే మనుషులు ఎంత గాభరాపడతారో ఆయన బల్ల దగ్గరే చూశాను. తర్వాత అందరూ ఫోన్లలో టైము చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ గాభరా తగ్గిపోయింది, ఆయన పనీ తగ్గిపోయింది.

పోస్టాఫీసులో పనిచేసే పంకజ ఒకసారి గోడగడియారం తెచ్చింది. ఆమె సంచిలో చిన్న కుండీ, అందులో బంతిలాంటి ముళ్ల మొక్క. ఖాజా గడియారం పక్కనబెట్టి, ఆ మొక్క మీదికి వంగాడు.

"ఇదేందమ్మా, ముళ్ల గుత్తి గుత్తికీ కింద దూది పెట్టినట్టుందే."

"అదే భాయ్ గుర్తు. ఆ దూది ఉంటేనే కాక్టస్. లేకపోతే వేరే జాతి."

చివరికి అంగడి పూర్తిగా మూసేసేటప్పుడు ఆయన నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "నాకిక చూసేదేం లేదు, నీకుంది" అన్నాడు.

అలా పంకజ ముళ్ల మొక్కలు పెంచే మిద్దె మీదికి చేరాను. మొక్కను పెంచడం పంకజకు సగం సంబరమైతే, దాని పేరు కనుక్కోవడం మిగతా సగం. మోటార్లకు వైండింగు చేసే భర్త విరూపాక్షికి ఇదంతా వింత. నర్సరీవాడు కాక్టస్ అని ఇచ్చిన ఎత్తైన మొక్కను ఒకరోజు ఆమె నాలోంచి చూసింది. దూది లేదు. అంచుల వెంట జంట ముళ్ళు. సూదితో గుచ్చితే తెల్లటి పాలు ఊరాయి.

"ఇది కాక్టస్ కాదయ్యా, యుఫోర్బియా. గట్ల మీది జెముడుకు చుట్టం. దీని పాలు కంట్లో పడితే చూపుకే మోసం."

"గుచ్చుకున్నాక ఏ పేరైతే ఏంది, నొప్పి ఒకటే గదా" అన్నాడాయన.

ఆ వారంలోనే, ఆదివారం, మిద్దె మీది నీళ్ళ ట్యాంకు బాగుచేద్దామని విరూపాక్షి ఆ కుండీని పక్కకు జరిపాడు. కొమ్మ విరిగింది. పాల చుక్క ఎగిరి కుడికంట్లో పడింది.

"కొంచెం మంటగా ఉంది. పడుకుంటే పోతాదిలే" అని మెట్లు దిగబోయాడు. పంకజ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ట్యాంకు కొళాయి కింద తల వంచి, రెప్ప తెరిచి పట్టుకుని, ఆయన వద్దంటున్నా కడుగుతూనే ఉంది. అట్లాగే తడిబట్టలతో ఆటో ఎక్కించింది. గాభరాలో నన్ను గుప్పిట్లోనే పట్టుకుని వచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దుమ్ము పడిందా అని అడిగింది. పంకజ మొక్క పేరు చెప్పింది. డాక్టరమ్మ వెంటనే మళ్ళీ కడిగించి, మందు వేసింది.

"వెంటనే కడగడం మంచిదైంది. చూపు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను."

 రాత్రికి ఆ కన్ను వాచి, చూపంతా పొగమంచైంది. పంకజ వేళ తప్పకుండా చుక్కలు వేసేది. మిద్దె మీదికి పోలేదు. మొక్కలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తానంది.

"నేను విరగ్గొడితే అవేం చేస్తాయి? ఊరుకో" అన్నాడు విరూపాక్షి.

రోజురోజుకూ మంచు పలచబడింది. చివరికి డాక్టరమ్మ గోడకున్న అక్షరాలు చదవమంటే, ఆయన ఎడమకన్ను మూసుకుని కింది వరుస దాకా చదివాడు.

ఇంటికి రాగానే ఆయన నన్ను తీసుకుని మిద్దెక్కాడు. పాలు కారేవి ఏవో తనకు చూపించమన్నాడు. పంకజ జవాబు చెప్పబోయి, పై మెట్టు మీద కూర్చుని ఇన్నాళ్ళ ఏడుపూ ఏడ్చింది. ఆయన నన్ను కుడికంటికి బిగించుకుని, ఆమె పక్కనే నిలబడ్డాడు.

ఆ కన్ను అంత దగ్గరగా నాకొక్కదానికే కనిపించింది. ఓరన ఒక్క ఎర్రజీర మిగిలుంది. తక్కినదంతా తేటగా ఉంది.